బరువు మీద బిగింపు

మంగళవారం ఉదయం ఏడున్నరకు ఎస్తోయ్ పళ్లు రెండు, నట్లు వేసుకునే రేకు పళ్లెంలో పడ్డాయి. కొట్టినవాడు మాక్సిమో. రెండో గుద్దుకు ఎస్తోయ్ పనిబల్ల మీదికి వాలిపోయాడు. మూడో గుద్దు పడలేదు. మాక్సిమో అతని కుడి మణికట్టును బల్లకేసి అదిమి, నడుముకు కట్టుకున్న సుందాంగ్ కత్తిని దూసి పక్కన పెట్టాడు. చెరుకు నరికే కత్తి, మోచెయ్యంత పొడవు.

"మా అక్క కాలు పోయింది. నీ చెయ్యి పోతుంది. సరికి సరి, నోంగ్."

చెయ్యి నరకడానికి వచ్చినవాడు కూడా నోంగ్ అనే అన్నాడు. మారమాగ్ ఊళ్లో తనకంటే పెద్దవాణ్ణి ఇంకోలా పిలవడం ఎవరికీ రాదు.

ఆదివారం మధ్యాహ్నం, లోయ మలుపు దగ్గర, మొక్కజొన్న వ్యాపారి వెన్నీకి ఉన్న ఇరవై రెండేళ్ల నాటి పెద్ద బండి వెనక భాగం ఉన్నట్టుండి పక్కకు జారింది. బండి వెళ్లి రాతిగోడను గుద్దుకుంది. నడుపుతున్న వెన్నీకి గీతలు పడ్డాయి. పక్కన కూర్చున్న అతని భార్య పెర్లిటా కుడి కాలు నుజ్జయింది. సోమవారం మోకాలి పైదాకా తీసేశారు. మాక్సిమో ఆమె తమ్ముడు. ఆసుపత్రి వరండాలో బావమరిదితో వెన్నీ అన్నది ఒక్క మాటే: "ఫిబ్రవరిలో వెనక బుష్‌లు మార్చింది ఎస్తోయే."

మర్నాడు తెల్లారగానే ఇద్దరూ ఆ బండిని ట్రాక్టరుకు కట్టి ఎస్తోయ్ షెడ్డుకు ఈడ్చుకొచ్చారు.

ఎస్తోయ్‌కు యాభై ఏడేళ్లు. చక్కెర మిల్లు ట్రాక్టర్ల కింద పద్దెనిమిదేళ్లు పడుకున్నాడు, హైవే పక్కన ఈ రేకుల షెడ్డులో ఊరివాళ్ల బండ్ల కింద పదమూడేళ్లు. చక్రాల దగ్గరి పనే తప్ప ఇంజను ముట్టుకోడు. ఎడమచేతి ఉంగరపు వేలు మిల్లులో జారిన స్ప్రింగు కింద పోయింది. అదే స్ప్రింగు పక్కవాడి దవడను తీసుకుపోయింది. ఆ రోజు కూడా సాయంత్రం దాకా పని చేశానని చెబుతాడు, గొప్పగా ఏమీ కాదు, మిల్లులో మధ్యాహ్నం సెలవు ఇవ్వరు కాబట్టి.

బల్ల మీద నెత్తురు ఉమ్మి, కుర్రవాణ్ణి పిలిచే పిలుపుతోనే అతను అన్నాడు: "నరుకు డాంగ్. కానీ ముందు బండి విప్పుదాం. నరికాక విప్పాలంటే ఎవడు విప్పుతాడు? నువ్వా? పానా ఎటు తిరుగుతుందో తెలుసా నీకు?"

"ఇంకా విప్పేదేముంది?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ వెన్నీ. "కాలు పోయాక ఏం చూస్తావు?"

"నువ్వుండు బావా," అన్నాడు మాక్సిమో. ఎస్తోయ్ వైపు తిరిగి, "తప్పు నీదని తేలితే?"

"ఇదే బల్ల. ఇదే చెయ్యి."

వెనక ఇరుసు ముందుకూ పక్కకూ పోకుండా పట్టి ఉంచేవి నాలుగు పొడవాటి ఇనుప కడ్డీలు. ప్రతి కొసనా ఒక బుష్: లోపల ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, దాని పైన ఇంకో గొట్టం. కుడివైపు కింది కడ్డీ బోల్టు తుప్పుతో పట్టేసుకుంది. పానాకు నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరూ దాని మీద వేలాడారు, నరకడానికి వచ్చినవాడూ, నరికించుకోవలసినవాడూ. కదల్లేదు. మంట పెట్టారు. రబ్బరు కాలి నల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. ఎస్తోయ్ పెద్ద సుత్తితో ఇరవై దాకా దెబ్బలు వేశాడు. ప్రతి దెబ్బకీ నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. చివరికి బోల్టు కీచుమంటూ ఊడింది. కత్తిని చంకలో పెట్టుకుని మాక్సిమో రెండు చేతులతో కడ్డీని బయటికి లాగాడు.

లోపలి రబ్బరు పిండిన గుడ్డలా మెలి తిరిగి, మెలి వెంబడే చీలిపోయి ఉంది.

"ఇది అరిగి చావలేదు," అన్నాడు ఎస్తోయ్. "మెడ పిసికితే చచ్చింది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేశారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడింది. బండి నిలబడ్డా మెలే, నడిచినా మెలే. ఎన్నాళ్లు బతుకుతుంది?"

మాక్సిమో కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "బిగించింది నువ్వే కదా!"

"నేనా? ఫిబ్రవరిలో ఈ బండి వెనక సీట్లో కూర్చుని 'పిల్లలెప్పుడు లేస్తాయి నోంగ్' అని అడిగిందెవరు?"

మాక్సిమో కత్తి దించాడు. అడిగింది తనే. ఎస్తోయ్ ఏ బండికీ బుష్ బోల్టులు గాల్లో బిగించడు. చక్రాలు నేల మీద పెట్టి, ఆ బండి రోజూ ఎంత మోస్తుందో అంత బరువు ఎక్కించి, మనుషుల్ని కూర్చోబెట్టి, అప్పుడు కిందికి దూరి బిగిస్తాడు. బస్తాల పక్కన కదలకుండా గంటసేపు కూర్చోవాలి. ఎస్తోయ్ షెడ్డుకు వెళ్తే గుడ్లు పొదిగి రావాలని ఊరంతా నవ్వుకుంటుంది. ఫిబ్రవరిలో నాలుగు మొక్కజొన్న బస్తాల పక్కన పొదిగినవాళ్లు ఇద్దరు, మాక్సిమో ఒకడు, పెర్లిటా ఒకతె.

"ఇలా చూడు." ఎస్తోయ్ బోల్టు దూరే ఇనుప రేకు మీది మసి తుడిచాడు. బుష్ లోపలి గొట్టం కొసనున్న పళ్లు కరిచిన గుర్తులు రెండు వరసలు ఉన్నాయి. ఒక వరస తుప్పెక్కి ఎర్రగా, ఇంకో వరస మెరుస్తూ. "ఎర్రది నాది. నా తర్వాత ఎవడో విప్పి మళ్లీ బిగించాడు. ఈ నీలం స్ప్రింగులు కూడా నేను వేసినవి కావు."

మాక్సిమో తల తిప్పాడు. "బావా?"

వెన్నీ బండి వైపే చూస్తున్నాడు. "మే నెలలో... ఇంకో నాలుగు బస్తాలు పడతాయని. గట్టి స్ప్రింగులు."

"ఎవరు వేశారు?"

"మన పెరట్లోనే, జాకీ మీద లేపి. స్ప్రింగు దూరాలంటే కడ్డీలు విప్పాలి కదా."

"బిగించిందెవరని అడుగుతున్నా."

"బోల్టు బోల్టేరా. నేను గట్టిగానే బిగించాను."

మాక్సిమో కత్తి ఎత్తాడు. ఒక్క అంగలో వెన్నీని చేరాడు. ఎస్తోయ్ నేల మీది పైపు అందుకుని మాక్సిమో మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. కానీ దెబ్బ అరక్షణం ఆలస్యమైంది. కత్తి అప్పటికే వెన్నీ ఎడమ భుజంలో, మెడకు నాలుగు వేళ్ల దూరంలో దిగింది. మాక్సిమో విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడి, అక్క పేరు తలుచుకుని పశువులా అరిచాడు.

షెడ్డులో ఉన్న గుడ్డలన్నీ గ్రీజు గుడ్డలే. ఎస్తోయ్ తన చొక్కా చింపి, ఉండలా చుట్టి గాయంలో కుక్కి, రెండు చేతులతో అదిమాడు.

"పెర్లిటాకు చెప్పకు నోంగ్," అన్నాడు వెన్నీ.

"కదలకుండా పడుకోరా. నీ నోటి మాట వల్లే నా చెయ్యి పోబోయింది."

ఎదుటి టిఫిన్ బండి ఆవిడ ఫోను చేసింది. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఎస్తోయ్ చేతులు తియ్యలేదు. పెర్లిటా ఉన్న గదికి పక్క గదిలోనే వెన్నీని పడుకోబెట్టి ముప్పై ఒక్క కుట్లు వేశారు.