చొక్కా మీద తుప్పు మరక

ఎనభైల మొదట్లో మా ఆయనకి అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం దొరికింది. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగిన చోటు ఊరి నడిబొడ్డున ఉన్న కోర్టు ఒక్కటే. ఒకరోజు ఆ కోర్టు తలుపు మీద అంటించిన కాగితం కనబడింది: పాత రికార్డులు సర్దడానికి మనుషులు కావాలి, జీతం లేదు, కాఫీ ఉంది.

లోపలికి వెళ్ళాను. కోర్టు క్లర్కు యాభై దాటిన ఆవిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. నా చీర వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, ఒక పాత కాగితం చేతికిచ్చింది. "ఈ రాత ఇక్కడ ఎవరికీ అర్థం కావడం లేదమ్మా. నీకేమైనా తెలుస్తుందా?"

నాలుగు లైన్లు గడగడా చదివేశాను. ఆవిడ నోరు తెరిచింది. మా నాన్న దస్తావేజు లేఖరి. ఆయన నకలు రాస్తుంటే పాత కాగితాలు పట్టుకుని పైకి చదివే పని చిన్నప్పుడు నాదే. గొలుసుకట్టు తెలుగు చదివిన కళ్ళకి ఈ ఇంగ్లీషు ఒక లెక్కా!

రెండోవారంలో ఒక కాగితాల కట్ట దొరికింది. అమెరికా అంతర్యుద్ధం అయిన పది పన్నెండేళ్ళకి, అంటే వందేళ్ళ కిందట, ఒక రైతు భార్య మొగుడి మీద వేసిన దావా. విడాకులు కావాలి, మనోవర్తి కావాలి. మొగుడు రెండూ ఇవ్వనన్నాడు.

ఆవిడ ఫిర్యాదు ఇది. చలికాలానికి పొగబెట్టిన మాంసం దాచే కొట్టుకి ఆయన తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకు తిరిగేవాడట. పిల్లలకి కూర వండాలన్నా ఆయన్ని అడుక్కోవాలి. ఆయన పొలానికి వెళ్తే ఆ పూట వంట లేదు. పుట్టింటి వాళ్ళిచ్చిన ఈకల పరుపు కూడా ఆవిడకి చెప్పకుండా అమ్మేశాడు. దాంతో ఇద్దరు పిల్లల్నీ, ఆవునీ తోలుకుని అన్నగారింటికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "ఏమోయ్, అన్నం ముందు విడాకుల మాటలేంటి?" అని విసుక్కున్నారు మా ఆయన. మర్నాడు కంచం ముందు కూర్చుంటూనే, "ఇంతకీ ఆ మహానుభావుడు ఏం జవాబిచ్చాడు?" అన్నారు.

ఆ రైతు జవాబు మూడు పేజీలు. తాళంచెవి సంగతి పచ్చి అబద్ధం. ఆవిడది నోరు కాదు, కత్తి. ఆవిడ చేసిన రొట్టెలు కుక్క కూడా ముట్టదు. ఒకసారి పెనం విసిరింది, తను వంగబట్టి బతికాడు. ఇల్లు వదిలిపోయింది ఆవిడే కాబట్టి మనోవర్తి అడిగే హక్కు లేదు. ఆయన తరఫున పాస్టరు కూడా సాక్ష్యం చెప్పాడు, చాలా నెమ్మదస్తుడని.

నెలకోసారి మేమూ, చుట్టుపక్కల ఊళ్ళలోని మరో మూడు తెలుగు కుటుంబాలూ ఎవరో ఒకరింట్లో కలుసుకునేవాళ్ళం. మా ఆడవాళ్ళకి ఈ కేసు వారపత్రిక సీరియల్ అయిపోయింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పేలోపే, "పెనం నిజంగా విసిరిందంటారా?" అని ఒకావిడ, "విసరక! ఇంకా ముందే విసరాల్సింది" అని ఇంకొకావిడ. మగవాళ్ళు హాల్లో గ్రీన్‌కార్డుల గురించి మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఇటే చెవులు రిక్కించేవారు.

ఆ కేసుని మలుపు తిప్పింది ఒక చాకలావిడ. నల్లజాతి మనిషి, ఒకప్పుడు బానిస. కాగితంలో ఆవిడకి ఇంటిపేరు కూడా రాయలేదు. మొగుడి తరఫు లాయరు గదమాయించాడు: "తాళంచెవి ఆయన మెడలో నువ్వు కళ్ళారా చూశావా?"

"చూడలేదు దొరా," అందావిడ. "ఆయన చొక్కాలు ఉతికేది నేను. మెడ కింద ప్రతి చొక్కాకీ తుప్పు మరక. ఉప్పూ నిమ్మకాయా పెట్టి రుద్దినా పోదు. మనిషి ఒంటికి తుప్పు పట్టదు కదా దొరా."

ఈ మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. గది నిండా పాత కాగితాలు, ఆవిడ తెలివిని పొగుడుదామంటే వినడానికి పక్కన మనిషి లేదు. సాక్ష్యం చివర సంతకం చోట ఆవిడ పెట్టిన ఇంటూ గుర్తు మీద కాసేపు వేలు ఉంచాను.

అయితే కట్టలో తీర్పు లేదు! ఆఖరి కాగితాలు ఏమయ్యాయో. ఆ నెల మా కలయికకి నేను ఉత్త చేతులతో వెళ్తే, వంకాయ కూర వడ్డిస్తున్నావిడ గరిటె ఆపేసి, "తీర్పు లేకుండా ఎలా వచ్చావమ్మా?" అంది. క్లర్కు చెప్పింది, తీర్పులు వేరే పెద్ద పుస్తకాల్లో ఎక్కిస్తారని. మేడమీద ఆ పుస్తకాలు మనిషి మోయలేనంత బరువు. మూడు వారాలు తిరగేశాను. దొరికిన రోజు నేను పెట్టిన కేకకి క్లర్కు పాము కరిచిందేమోనని పరిగెత్తుకొచ్చింది.

విడాకులిచ్చారు. పిల్లలు తల్లికే. ఆవు తల్లికే. ఏటా మనోవర్తి. అది కట్టేదాకా ఆ కొట్టులో సగం మాంసం కూడా ఆవిడదే. క్లర్కూ నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని ఆ దుమ్ములో గెంతాం.

"ఈ కుటుంబం వాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు," అని అప్పుడే ఫోన్ తీసింది క్లర్కు. మర్నాడు ఎనభై దాటిన ఒక రిటైర్డు టీచరమ్మ టోపీ పెట్టుకుని వచ్చింది. దావా వేసినావిడకి మనవరాలు. నేను మొదటినుంచీ చదివి వినిపించాను. పెద్దావిడ మనసు నొప్పించానేమోనని కాగితాలు మడిచి పెట్టబోయాను.

"మా తాత జ్వరంతో పోయాడని చెప్పారు నాకు," అందావిడ. "మా అమ్మమ్మ విధవరాలని. అమ్మాయ్, తాతదని ఏటా మేం పూలు పెట్టొస్తున్న ఆ సమాధిలో ఎవరున్నట్టు?" అని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది.

ఆ వేసవిలో వాళ్ళ బంధువులంతా పార్కులో కలుసుకున్నారు. ఆ కాగితాలు నేనే చదవాలని పట్టుబట్టిందావిడ. పట్టుచీర కట్టుకుని, యాభై మంది ముందు, గుంటూరు యాసలో ఇంగ్లీషు చదివాను. రొట్టెల మాట రాగానే పెద్దావిడ తమ్ముడు లేచాడు. "మా తాత తప్పేం లేదు! ఆ రొట్టెల సంగతి మా అమ్మ కూడా చెప్పేది!"

"నువ్వు కూర్చో," అంది ఆయన భార్య. "నలభై ఏళ్ళనుంచి నువ్వు తింటున్న నా రొట్టెలు ఎలా ఉంటాయో నాకు తెలుసు."

అంతే, కేసు మళ్ళీ మొదలైంది. వందేళ్ళ నాటి తగువుకి ఆడవాళ్ళంతా ఒక బల్ల, మగవాళ్ళంతా ఒక బల్ల. చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు. ఎవరో మా ఆయన్ని నిలదీశారు, "డాక్టర్, మీరెటు?"

"నేను డాక్టర్ని. నాకు ఇద్దరూ పేషెంట్లే," అన్నారాయన లౌక్యంగా.

"అటూ ఇటూ కానివాళ్ళకి పీచ్‌పళ్ళ తీపి రొట్టె లేదు," అని టీచరమ్మ పళ్ళెం వెనక్కి లాక్కుంది.

మా ఆయన ఆ పళ్ళెం వంక చూశారు, నా వంక చూశారు, వెంటనే లేచి వచ్చి ఆడవాళ్ళ బల్ల దగ్గర నిలబడి రెండు చేతులూ ఎత్తారు.