అత్త ఒంటికి తెలియని జబ్బు

మొన్న మా మనవరాలు నా జబ్బ మీదున్న గుండ్రటి మచ్చను వేలితో నొక్కి, ఇదేమిటని అడిగింది. మశూచి రాకుండా చిన్నప్పుడు వేసిన టీకా మచ్చ అన్నాను. ఆ జబ్బు ఇప్పుడు లోకంలోనే లేదంటే, మరి మచ్చ ఎందుకుందని ఎదురు ప్రశ్న వేసింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏడో అంతస్తులో పెరుగుతున్న పిల్ల. టీకా ఒంటికి శత్రువు ముఖాన్ని ముందే చూపించి పెడుతుందని ఏదో సర్దిచెప్పాను. మా మేనత్త సంగతి మాత్రం చెప్పలేదు.

మేనత్తకు ఆ మచ్చ లేదు. ఆమెకు జబ్బే వచ్చింది. ఆరేళ్ళప్పుడు, కాటన్‌పేట ఇంట్లో, ఆమెకూ ఆమె చెల్లెలికీ ఒకే వారంలో అమ్మవారు పోసింది. చెల్లెలు పోయింది. ఈమె మిగిలింది, ముఖం నిండా గుంటలతో. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ ముఖం చూసి కాఫీ తాగి వెళ్ళిపోయేవారట. కాఫీ బాగుందని మాత్రం అందరూ మెచ్చుకున్నారని ఆమే నవ్వుతూ చెప్పేది. అలా మా నాన్న ఇంట్లోనే ఉండిపోయింది. వీధిలో ఏ పిల్లకు తట్టు పోసినా, ఆటలమ్మ వచ్చినా, పిలవకముందే చాప చుట్టుకొని వెళ్ళేది. వేపరెమ్మతో విసిరేది, రాగి గంజి తాగించేది, పొక్కులు గోకితే చేతిమీద ఒకటి వేసేది. నాకు తట్టు పోసినప్పుడు తొమ్మిది రోజులు నా పక్కనే పడుకుంది. ఆమెకేమీ కాలేదు. తనకు అన్నీ వచ్చి పోయాయనీ, ఇక ఏదీ తన జోలికి రాదనీ ఆమె నమ్మకం. ఒళ్ళు తాను ఒకసారి పోరాడి గెలిచిన జబ్బునే గుర్తుపెట్టుకుంటుందనీ, కొత్తది వస్తే ఆ పాత గెలుపు అక్కరకు రాదనీ మా వీధి డాక్టరు ఒకసారి వివరంగా చెప్పి చూశాడు. అత్త తల ఊపింది. ఆమె తల ఊపిందంటే విననట్టేనని మా ఇంట్లో అందరికీ తెలుసు.

కరోనా రెండోసారి ముంచుకొచ్చేనాటికి ఆమెకు ఎనభై దగ్గర పడింది. టీకా వేయిస్తానని నేను రెండుసార్లు వెళ్ళాను. "అమ్మవార్నే చూసిన ఒళ్ళు ఇది. దీనికి సూదెందుకు?" అంది. రెండోసారి నేనూ గట్టిగా అడగలేదు. ఎండ ఎక్కువగా ఉంది, టీకా వరస పొడుగ్గా ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకే, కాటన్‌పేట ఇంట్లో అత్తా తానూ ఇద్దరే ఉంటున్న మా తమ్ముడికి జ్వరం వచ్చింది. ఊరంతా ఫోన్లు చేసినా ఆస్పత్రిలో మంచం దొరకలేదు. ఎలాగో ఒక చిన్న ఆక్సిజన్ సిలిండరు సంపాదించి కారులో తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అత్తను వెంట తెచ్చుకోవాలనే వెళ్ళాను. గుమ్మం బయటే నిలబడి, నాతో వచ్చేయమన్నాను.

"వానికి నీళ్ళిచ్చేదానికి ఎవురుండారు? నువ్వుంటావా అమ్మీ?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అడిగింది.

నాకు బీపీ, షుగరు. ఇంట్లో నెలల మనవరాలు. అవన్నీ నిజమే. సిలిండరు గడప దగ్గర పెట్టాను. ఆమె దాన్ని మెల్లగా లోపలికి దొర్లించుకుంటూ వెళ్ళింది.

పదకొండో రోజున తమ్ముడు లేచి కూర్చున్నాడు. అదే రోజు అత్తకు ఆయాసం మొదలైంది. ఫోనులో, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, "ఇది కొత్తదమ్మీ. దీని సంగతి నాకు తెలీదు," అంది. ఆమె గొంతులో భయం విన్నది ఆ ఒక్కసారే. ఈసారి మంచం దొరికింది గానీ, మూడో రోజుకు ఆస్పత్రిలోనే పోయింది. మూటగట్టి ఇచ్చారు, ముఖం కూడా చూడనివ్వలేదు.

తమ్ముడు, నేను కలిసినప్పుడు ఆమె కాఫీ గురించి మాట్లాడుకుంటాం, ఆ పదకొండు రోజుల గురించి మాట్లాడుకోం. ఇప్పుడైతే ఆ గడప దాటి లోపలికి వెళ్ళేదాన్నేనని అనుకుంటాను. కాలం మనిషికి ధైర్యమిస్తుంది, కాకపోతే అది కావలసిన రోజు దాటిపోయాక ఇస్తుంది.