ఈరేష్‌కు పెట్టని దూదిపుల్ల

ఆదోనిలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో తస్లీమాది అందరూ ముక్కు మూసుకునే పని. వాంతులు, బేదులతో వచ్చిన పసిబిడ్డల మలం సేకరించి ల్యాబుకు పంపాలి. ఏ వైరస్ సోకిందో అక్కడ చూస్తారు. ఆ ఏడు పరిశోధన చేస్తున్న డాక్టర్లు ఒక్కో బిడ్డ దగ్గర రెండు రకాలుగా తీయమన్నారు. డబ్బాలో పట్టేది ఒకటి, మలద్వారంలో దూదిపుల్ల తిప్పి తీసేది ఇంకొకటి. డబ్బాకైతే బిడ్డకు విరేచనం అయ్యేదాకా కాచుకోవాలి. పుల్లయితే క్షణం పని. కానీ ఆ కాస్త చెమ్మలో వైరస్ అంత నమ్మకంగా దొరుకుతుందా? అదే తేల్చాలి.

చలికాలంలో గోనెగండ్ల దగ్గరి పల్లె నుంచి గంగమ్మ మనవడు ఈరేష్‌ను ఎత్తుకొచ్చింది. కొడుకూ కోడలూ మిరప కోతలకని గుంటూరు వైపు సుగ్గికి, వలస కూలికి, పోయి ఉన్నారు. పిల్లాడికి కళ్లు గుంటలు పడ్డాయి. ఏడ్చే ఓపిక కూడా లేదు. నర్సులు సెలైన్ పెట్టాక తస్లీమా పుల్ల తీసింది. గంగమ్మ బిడ్డకు కొంగు అడ్డం వేసింది.

“ఎండిపోయినాడు తల్లీ. వాన్నింకా యాడ పొడుస్తావు?”

“పొడిసేది కాదవ్వా, మెత్తని దూది.”

“వద్దు. బేదయితే డబ్బాలో పట్టుకో.”

తస్లీమా బలవంతం చేయలేదు. డబ్బాతో పక్కనే కూర్చుంది. బేదులు నిలిచాయి. గంగమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. కానీ పిల్లాడి కడుపు ఉబ్బుతూ పోయింది. డాక్టర్లు ఎంత పాటుపడినా మర్నాడు మధ్యాహ్నం కన్నుమూశాడు. ల్యాబుకు పంపడానికి ఏమీ దొరకలేదు.

కొన్నాళ్లకు గంగమ్మ తన కోడలు ఈశ్వరిని వెంటబెట్టుకుని వచ్చింది.

“ఏం రోగమక్కా నా కొడుక్కి?” అని ఈశ్వరి అడిగింది.

“తెలీదు తల్లీ. పరీక్ష చేసేదానికి ఏమీ రాలేదు.”

గంగమ్మ నేలమీద కూలబడింది. “నేనే వద్దంటిని. ఆ పుల్ల పెట్టనిచ్చింటే బతికేటోడా?”

“లేదవ్వా.” తస్లీమా ఆమె చేతులు పట్టుకుంది. “దాంతో బతికేది లేదు. ఏ వైరస్ అయినా ఇచ్చే వైద్యం అదే. రోగం పేరు తెలిసేది, అంతే.”

“ఆ పేరన్నా తిట్టుకుని ఏడ్సేదాన్ని,” అంది ఈశ్వరి.

ఆ తర్వాత తస్లీమా ప్రతి తల్లి చేతిలోనూ ముందు విడిగా ఒక పుల్ల పెట్టి, దూది తాకి చూడమనేది. ఇది మందు కాదని, దీంతో ఈ బిడ్డకు నయం కాదని కూడా చెప్పేది. కొందరు ఒప్పుకునేవారు. వద్దన్నవాళ్ల దగ్గర కాచుకుని కూర్చునేది.

చివరికి డాక్టర్లు తేల్చారు. చాలామంది పిల్లల్లో రెండూ ఒకే మాట చెప్పాయి. కొందరిలో మాత్రం పుల్లకు అందని వైరస్ డబ్బాలో దొరికింది. తస్లీమా అంతా విని, ఈరేష్‌కు పుల్ల పెట్టి ఉంటే రోగం పేరు తెలిసేదేమో అనుకుంటూ బయటి వరండాలోకి వచ్చింది. హొళగుంద నుంచి ఎవరో బిడ్డను తెచ్చారని నర్సు కేక వేస్తే లోపలికి నడిచింది.