హూడి సంతలో చౌడమ్మ

హూడి బుధవారం సంతలో చౌడమ్మ ఆకుకూరలమ్మడం మొదలుపెట్టి ముప్పయ్యేళ్ళు దాటింది. తెల్లవారకముందే కోసిన దంటుకూర, మెంతికూర కట్టలను తడిగోనె మీద పేర్చేది. పండుటాకు కనబడితే గోటితో గిల్లి పారేసేది. బేరమాడేవాళ్ళ మీద విసుక్కునేది కాదు. వాళ్ళ పిల్లల జ్వరం తగ్గిందో లేదో, అత్తగారి మోకాలినొప్పి ఎట్లా ఉందో ముందు కనుక్కునేది. "మా తోటదేనప్పా, మంచు కూడా ఆరలేదు" అని కట్ట అందించేది.

రెండువేల నాలుగులో కొడుకులు ఆ తోటను ఆఫీసులు కట్టేవాళ్ళకు అమ్మేశారు. వేలిముద్ర వెయ్యమంటే చౌడమ్మ వేసింది. ఆ పై బుధవారం కూడా కట్టలతో సంతకొచ్చి కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన నర్సు హన్నా ఎప్పటిలాగే, "చౌడక్కా, మీ తోటదేనా?" అని అడిగింది. ఔనంటే సరిపోయేది. చౌడమ్మ తల వంచుకుని కట్టను చేత్తో నిమిరింది.

"కాదమ్మా. తోట పోయింది. మట్టి తోడే మిషను దింపినారు. ఇది పెద్ద మార్కెట్టులో కొనుక్కొచ్చింది."

పక్కన బేరమాడుతున్నావిడ తన చేతిలోని కట్టలు మెల్లగా గోనె మీద పెట్టేసి వెళ్ళిపోయింది. హన్నా రెండు కట్టలు సంచిలో వేసుకుని, "ఈ వయసులో నీకెందుకింత కష్టం అక్కా? హాయిగా ఇంట్లో ఉండకూడదా?" అంది.

"ఇల్లు తోట పక్కనే ఉండాది కదమ్మా. పొద్దంతా ఆ మిషను సప్పుడే. ఈడ కూసుంటే మీ మాటలు ఇనబడతాయి."