ఇండియా వెళ్ళేదాకా ఆగిన పన్ను

2020లో నేను ఐర్లండ్‌లోని కార్లో పట్టణంలో ఒక డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. రోజంతా ఊరివాళ్ళ నోళ్ళు తెరిపించే నేను, నా నోరు మాత్రం ఎవరి ముందూ తెరిచేవాణ్ణి కాదు. కుడివైపు దవడపన్ను పగిలి ఏడాది దాటింది. క్లినిక్ యజమాని నోలా పక్క గదిలోనే ఉండేది, అడిగితే అరగంటలో బాగు చేసేది. అయినా ఎడమవైపే నములుతూ, గుంటూరులో ఉన్న నా క్లాస్‌మేటు చేత చేయించుకునే రోజు కోసం కాచుకుని కూర్చున్నాను. ఈ దేశంలో పన్ను రెండు రకాలు. అడక్కుండా జీతంలోంచి పీకేది ఒకటి, ఎంత అడిగినా పీకించుకోనిది ఇంకొకటి.

ఈ తెలివి నా ఒక్కడిదే కాదు. ఇక్కడి తెలుగువాళ్ళం కళ్ళజోడు, పళ్ళు, రక్తపరీక్షలు అన్నిటినీ ఇండియా ప్రయాణానికి వాయిదా వేస్తాం. తిరిగి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఏడాదికి సరిపడా మాత్రలు తెచ్చుకుంటాం. వయసులో ఉన్న పిల్లలైతే మరీను.

అలాంటివాడే సందీప్. ఊరు కరీంనగర్, ఉద్యోగం డబ్లిన్ పక్కన చెర్రీవుడ్‌లో, సాఫ్ట్‌వేర్. ఆ ఏడాది మొదట్లో ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని, టార్చి వేసి తీసిన పన్ను ఫొటో పంపాడు. ‘అంకుల్, దీనికి ఏ గోలి వేసుకోవాలె?’ అని కింద ఒక వాక్యం.

గోలీలతో పోయేది కాదు, రూట్ కెనాల్ కావాలి. అంటే పన్ను లోపల చెడిపోయిన నరం తీసేసి, శుభ్రం చేసి, మూసెయ్యడం. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "ఎలాగూ ఏప్రిల్లో వెళ్తున్నావుగా, అక్కడ చేయించుకో, చవక" అని కూడా అన్నాను. పగిలిన పన్నువాడి సలహా అలాగే ఉంటుంది.

మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మేలో సందీప్ ఫోను చేశాడు.

"నొప్పి మొత్తం పోయింది అంకుల్. ఐయామ్ గ్రాండ్!"

పంటినొప్పి మందు లేకుండా మాయమైతే చాలాసార్లు నరం చచ్చిపోయిందని అర్థం. ఆ తర్వాత చీము చడీచప్పుడు లేకుండా చేరుతుంది. మా క్లినిక్‌కి రమ్మన్నాను, దూరమైతే అక్కడే ఎవరికైనా చూపించుకోమన్నాను. "ఫ్లైట్లు తెరుస్తరు గద అంకుల్" అన్నాడు. నెలకోసారి అడిగేవాణ్ణి, నెలకోసారి అదే మాట.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. ఎడమ దవడ కింద నిమ్మకాయంత వాపు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఏం లేదంకుల్, జర వాచింది. ఇంట్ల యాంటీబయాటిక్ ఉంది, రెండేళ్ళ కిందిది. వేసుకోవచ్చా?"

"ముందు నోట్లో వేళ్ళు పెట్టు. నిలువుగా, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య. ఎన్ని పడుతున్నాయి?"

ఇది మా వృత్తిలో పాత పరీక్ష. మూడు వేళ్ళు పడితే దవడ బాగున్నట్టు.

"ఒక్కటే పోతుంది."

"ఉమ్మి మింగు."

మింగబోయి మొహం చిట్లించాడు. పెదవి చివర తడి కనిపించింది. వాపు నాలుక కిందికి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది. పంటి మీద మొదలైంది ప్రాణం మీదికి రావడానికి ఒక్కోసారి ఒక పూట చాలు.

"సందీప్, ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరు. ఎమర్జెన్సీకి."

"గాడ ఛార్జి ఉంటదట గద అంకుల్? రేపు మీ దగ్గరికే వస్త."

"రేపటిదాకా ఆగేది కాదు. నేను చేసేదీ కాదు. వెళ్ళు."

"సరే, లువాస్ ఎక్కి పోత."

లువాస్ అంటే డబ్లిన్ ట్రామ్. టాక్సీ డబ్బులు మిగులుతాయని వాడి లెక్క.

"లువాస్‌కి సైరన్ ఉండదు నాయనా! నువ్వు కదలకు, అంబులెన్స్‌కి నేను ఫోన్ చేస్తాను."

"వద్దంకుల్, బిల్డింగోళ్ళందరు చూస్తరు..."

"చూడనీ. వాళ్ళు చూసేది ఊపిరి ఉన్న మనిషిని. తలుపు గడియ తీసి పెట్టు."

ఆ సాయంత్రమే మెడ దగ్గర కోసి చీము తీశారు, పన్నూ తీశారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే గొంతులో గొట్టం పెట్టాల్సి వచ్చేదని డాక్టరు వాడితో అన్నాడట. మర్నాడు పొద్దున నోలా గదిలోకి వెళ్ళి, అడక్కుండానే కుర్చీలో పడుకుని నోరు తెరిచాను. "ఎట్ లాస్ట్!" అంది ఆవిడ.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక సందీప్ వీడియోలో కనిపించాడు. మెడకి కట్టు, వెనక బోసి గోడ. నేల మీద పడుకున్నాడు.

"మంచం ఏమైంది?"

"అది రూమ్మేటుదంకుల్. ఆయన వాపస్ పోతూ అమ్ముకుండు. నాకు గాలి పరుపు ఉంది, తెల్లారేసరికి గాలి పోతది, గంతే."

ఎన్నాళ్ళ నుంచి అంటే మార్చి నుంచి. పిసినారి అందామంటే, ఆ ఏడాదే తండ్రి మోకాళ్ళకి ఆపరేషన్ చేయించాడు. చెల్లెలి ఆన్‌లైన్ క్లాసులకి లాప్‌టాప్ పంపాడు. ధర చూసే అలవాటు వాడికి తన దగ్గరికి వచ్చేసరికే మొదలయ్యేది. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న ప్రతి కుర్రాణ్ణీ నొప్పి ఎప్పటి నుంచి అని అడిగాక, ఇంటికి ఏం పంపుతున్నావని కూడా అడుగుతున్నాను. జవాబులో సగం రోగం దొరుకుతుంది. తమ మీద ఖర్చు వీళ్ళకి దుబారాలా కనిపిస్తుంది. బాగు చేయించుకోవడం కూడా ఇంటికి పంపడమే అని చెబితే కొందరు వింటారు.

సందీప్ వినలేదు. వినకపోగా, "మీరు లేకుంటే నేను లేను అంకుల్, మీకేం గావాలె చెప్పున్రి" అని వారం రోజులు వెంటపడ్డాడు. చివరికి అన్నాను: "రోజంతా వంగి పనిచేసి నడుం పోయింది. ఒక మంచి పరుపు, మంచంతో సహా."

ఇంటర్నెట్‌లో అన్నిటికంటే ఖరీదైనది ఎంచి, ధర చూడకుండా కొన్నాడు.

"మీ అడ్రస్ చెప్పున్రి."

"నీ ఫ్లాట్‌కే తెప్పించు. లాక్‌డౌన్ సడలాక వ్యాన్‌లో వచ్చి తీసుకెళ్తాను. ఈలోగా విప్పి పడుకుని చూడు. లోపం ఉంటే వెనక్కి పంపాలి కదా."

వాడు శ్రద్ధగా పడుకున్నాడు. వారానికోసారి సమాచారం పంపాడు: నడుం దగ్గర మెత్తగుంది, అంచులు గట్టిగున్నయి, నిద్ర మంచిగ పడుతుంది. వెనక్కి పంపే గడువు దాటిన మర్నాడు ఫోన్ చేశాను.

"వ్యాన్ ఎప్పుడంకుల్?"

"వ్యానూ లేదు, నా నడుముకి నొప్పీ లేదు. అది నీ పరుపే."



"గిది మోసం అంకుల్."

"అవును నాయనా," అన్నాను, నోలా నా పన్ను బాగు చేసిన రోజుకంటే హాయిగా. "వెళ్ళి పడుకో."