పత్తి పన్ను మీద పూలమ్మ అనుమానం

నెక్కొండ దగ్గరి పల్లెలో మూడెకరాల పత్తి పండించే పూలమ్మ ఎవరి మాటా ఓ పట్టాన నమ్మదు. ఏడేండ్ల కింద ఒకడు దేవుడి మీద ఒట్టేసి మరీ నకిలీ విత్తనాలు అంటగట్టాడు. ఆ ఏడు చేనంతా ఏపుగా పెరిగింది గానీ కాయ నిలవలేదు. అప్పటినుంచి ఒట్లు వేసేవాళ్లంటే ఆమెకు మరీ గుబులు.

రెండువేల ఇరవై ఐదులో, దసరా పోయిన పది రోజులకు, మొదటిసారి ఏరిన పత్తిని ట్రాలీలో కేసముద్రం మార్కెట్‌కు తెచ్చింది. వ్యాపారి సదానందం గుప్పెడు పత్తి తీసి చూసి ధర చెప్పాడు. ఆమె అనుకున్నదానికి చాలా తక్కువ.

"ఏంది సేటూ, గింత పడగొడ్తివి?"

"నా చేతుల ఏమున్నదక్కా? బయటి దేశం పత్తి మీద పన్ను ఢిల్లీల తీసేసిండ్రు. మిల్లులోళ్లు ఆ పత్తి దిక్కే చూస్తాండ్రు. ఒట్టు!"

ఆ మాటతో పూలమ్మ ట్రాలీని వెనక్కి తిప్పించింది. కిరాయి రెండింతలవుతుందని డ్రైవర్ గొణిగినా వినలేదు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వరంగల్ పోయింది. చెల్లెలి కూతురు యమున అక్కడ వకీలు.

"సేటు చెప్పింది అబద్ధమే గదా బిడ్డా?"

యమున ఫోన్‌లో ఉత్తర్వు వెతికి చదివింది. పదకొండు శాతం పన్నును ఆగస్టులోనే ఎత్తేశారు, డిసెంబరు ఆఖరుదాకా.

"నిజమే పెద్దమ్మా."

అబద్ధమైతే సేటుతో కొట్లాడి ఉండేది.

"మరి పార్లమెంట్ల ఎంతమంది చెయ్యెత్తిండ్రు?"

"ఎవ్వలెత్తలే. చట్టం లేకుండ పన్ను వెయ్యొద్దని రాజ్యాంగంల ఉన్నది. బయటి దేశాల యాపారం మీద చట్టం చేసేది గూడ పార్లమెంటే. కానీ పన్ను మాఫీ చేసే అధికారం ఆ చట్టంలనే సర్కారుకు ఇచ్చిండ్రు. ముందు కాయితం వస్తది, ఆటెంక సభల పెడ్తరు."

"మనం ఓట్లేసినోళ్లను అడగకుండనే అయిపోయిందన్నట్టు."

"చట్టప్రకారమే పెద్దమ్మా."

"గందుకే నాకు అనుమానం."

అప్పటికప్పుడు ఎంపీకి ఉత్తరం రాయించింది. పన్ను ఎత్తేసే సంగతి మీకు ముందు తెలుసా? సభలో పెట్టినప్పుడు చదువుతారా? పత్తి రైతు గురించి ఎవరైనా నోరు విప్పుతారా? రాసినదాన్ని యమునతో రెండుసార్లు చదివించుకుంది. అదీ చాలక కోర్టు బయట టైపు కొట్టే అతనితో మరోసారి చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది. యమునకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పత్తిలో చాలావరకు సర్కారు కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకే పోయింది. వానకు తడిసి రంగు మారినదాన్ని వాళ్లు వద్దన్నారు. పూలమ్మ దాన్ని మళ్లీ సదానందం దగ్గరికే తెచ్చింది.

"నువ్వు చెప్పింది నిజమే సేటూ. నిన్ను అబద్ధాలోడనుకున్న."

"ఇప్పుడన్న నమ్ముతవా అక్కా?"

"పన్ను సంగతి నమ్మిన. నీ కాంటాను నమ్మలే" అని, ప్రతి బస్తానూ పక్క కొట్టు కాంటా మీద కూడా తూకం వేయించాకే అమ్మింది.

సంక్రాంతి ముందర ఎంపీ ఆఫీసు నుంచి కార్డు వచ్చింది: మీ లేఖ అందినది.

పూలమ్మ ఆ కార్డు పట్టుకుని మళ్లీ వరంగల్ రైలెక్కింది.

"ఇంకోటి రాయి బిడ్డా. అందిందా అని నేనడగలే."