గిటారుకు గొంతు కావలెను

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతో రాలేదు. మా ఇంట్లో పిల్లి ఈనిందని చెప్పడానికి బయల్దేరితే వీధి చివరికి చేరేలోగా అది పులి అవుతుంది, ఇంకో మలుపు తిరిగితే దానికి రెక్కలు కూడా మొలుస్తాయి. మా ఆవిడ నా మాటలను చాయ్ లాగా వడగట్టుకొని వింటుంది. మీరు కూడా ఒక చాట పక్కన పెట్టుకొని ఇది చదవండి. ఏది పొట్టో చివర్లో నేనే చెబుతాను.

ఇప్పుడు నేను రాసుకునే బల్ల పక్కన ఒక నల్లపెట్టె కూర్చొని ఉంది. మీట నొక్కిన కాసేపటికి వేడెక్కి, కొత్త రెగ్జిన్ వాసన, కాగిన దుమ్ము వాసన, ఎక్కడో లోపల లక్క కరుగుతున్నట్టు ఒక తియ్యటి వాసన కలిపి వదులుతుంది. మా అమ్మాయి గిటారు నేర్చుకుంటానంటే, తీగల చప్పుడును పెద్దది చేసే ఈ ఆంప్లిఫయర్ కొనడానికి మొన్న ఇద్దరం సికింద్రాబాదు వెళ్లాం. దుకాణదారు మా పెండ్లినాటి బీరువా అంత దాన్ని ముందుకు తోశాడు.

"సాబ్, పెద్దదే తీస్కోండి. బేబీ జర తీగ ముట్టుకుంటే చాలు, గల్లీ మొత్తం లేచి కూసుంటది."

"ఆ గల్లీలోనే మేమూ కిరాయికి ఉంటున్నాం నాయనా," అన్నాను.

ఉన్నవన్నీ వరుసగా పెట్టించి, ఒక్కొక్కదాని గొంతు బాగా తగ్గించి, అమ్మాయిని ఒకే ఒక తీగ మీటమన్నాను. పెద్దవన్నీ మూతి ముడుచుకున్నాయి. హోరు మిగిలింది, పాట పోయింది. మూలన టిఫిను డబ్బా అంత ఉన్న ఈ పెట్టె మాత్రం, మీట వెంట్రుకవాసి తిప్పినా తీగ ఏమన్నదో అదే చెప్పింది. నేర్చుకునేవాళ్లకు ఊరు వినే గొంతు అక్కర్లేదు. తప్పు చేస్తే తప్పని తెలిసేంత గొంతు చాలు.

"గివన్ని మీకెట్ల ఎరుక సాబ్? మీరు గూడ వాయిస్తరా?" అన్నాడు దుకాణదారు.

"లేదు. మా ఇంట్లో గుమ్మి ఉండేది," అన్నాను. అతను గబగబా బిల్లు రాసి మమ్మల్ని పంపించేశాడు. గుమ్మి అంటే ధాన్యం దాచుకునే బుట్ట అని అతనికి తెలిసే ఉంటుంది. దానికీ గిటారుకూ ఏం సంబంధమో మీకు చెబుతాను.

మాది మొయినాబాదుకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. కూత అంటే మా నాన్న కూత, ఆయన్ని బాపు అనేవాళ్లం. ఆయన చేనులో ఎద్దును అదిలిస్తే చిల్కూరులో ఎద్దులు ఆగిపోయేవి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. అయితే కిరసనాయిలు దొరకకపోవడం తప్ప యుద్ధం మా ఊరికి ఇంకే రూపంలోనూ రాలేదు. ముసురు పట్టిందంటే ఇల్లంతా తడిసిన గొంగడి వాసన, పిడకల పొగ వాసన, పెనం మీద పొంగే జొన్నరొట్టె వాసన ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకొని తిరిగేవి. ముసురు విడిస్తే మేము బురదలో చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడి, ఎగిరిపోయిన చిర్రను వెతుక్కుంటూ గండిపేట చెరువు దాకా వెళ్లేవాళ్లం. చలి మొదలయ్యాక పాలుపట్టిన జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, రాలిన ఊచబియ్యాన్ని బెల్లంతో నోట్లో పోసుకుంటే, నమలడం ఆపించడానికి పెద్దవాళ్లు మా దవడలు పట్టుకోవలసి వచ్చేది.

ఒక ఏడు వానల్లో మా చిన్నబాపు దేవదానం, అంటే బాపు తమ్ముడు, సికింద్రాబాదులోని ఇంగ్లీషు సైన్యపు దండు నుంచి ఇంటికి తిరిగి వచ్చాడు. అక్కడ ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. దొర తన దేశానికి పోతూ పనికిరానివన్నీ పంచిపెడితే, కోటు ఒకరికి, కుక్క ఒకరికి పోగా, చిన్నబాపు వంతుకు గిటారు వచ్చింది. గోనెసంచిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని తెచ్చాడు. ఊరంతా వచ్చి చూసింది. "నడుము సన్నం, పిల్ల మంచిగనే ఉన్నది. ఇగ లగ్గం ఎప్పుడు?" అని అడిగింది పక్కింటి పెద్దమ్మ.

కానీ ఆ పిల్లకు నోరు లేదు. దొర పిల్లలు దాని మీదికెక్కి దూకినట్టున్నారు. పగిలిన పొట్టను చిన్నబాపు లక్కతో, గోనెపీలికలతో అతికించాడు. ఆ వైద్యం తర్వాత అది మాట్లాడడం దాదాపు మానేసింది. దోమకు జలుబు చేసి, దుప్పటి ముసుగుపెట్టి మూలిగితే ఎంత వినబడుతుందో అంత వినబడేది.

అసలు చిక్కు అవ్వతో వచ్చింది. అవ్వ బాపును, చిన్నబాపును కన్నతల్లి. మాకందరికీ ఆమె మాటే మాట. చెవులు పూర్తిగా పోయాయి. గండిపేట తూములన్నీ ఒక్కసారి తెరిచినా "ఎవరో గుసగుసలాడుతున్నరు" అనేది. ఒకప్పుడు ఆమె విసుర్రాయి ముందు కూర్చొని పాడితే జొన్నలు వాటంతట అవే పిండయ్యేవట. తన గొంతు తనకే వినబడకుండా పోయాక పాడడం మానేసింది. చిన్నబాపు గిటారు మీద నేర్చుకోవాలనుకున్నది ఆ విసుర్రాయి పాటనే. అయితే అవ్వ కంటికి కనబడిందల్లా ఒకటే: ఊరంతా కలుపు తీస్తుంటే, పెండ్లీడు దాటిన కొడుకు కట్టెను ఒళ్లో పెట్టుకొని గీకుతున్నాడు.

"ఏందిరా గది? కట్టెకు గజ్జి లేసిందా?" అంది.

"పాటే అవ్వా, పాట!" అని చిన్నబాపు చేతులూ పెదవులూ ఆడించి చెప్పాడు.

"పాటయితే నాకెందుకు ఇనబడ్తలేదు? ఇగో, చెప్తున్న ఇను. జొన్నలు ఇంటికొచ్చే యాళ్లకు తప్పు లేకుండ పాట మొత్తం నాకు ఇనిపియ్యాలె. లేకుంటె నీళ్లపొయ్యిల పెడ్త."

అని ఒకసారి గిటారు పొడవును, ఒకసారి పొయ్యి నోటిని చూసింది. అవ్వ ఊరికే అనే మనిషి కాదు. చుట్టం వచ్చి వారం దాటినా కదలకపోతే ఆయన చేతికర్రను అదే పొయ్యిలో పెట్టి సాగనంపింది.

ఇక గిటారుకు గొంతు వెతకడం మొదలయింది. బోర్లించిన ఇత్తడి గంగాళానికి గిటారు కొసను ఆనించి మీటితే, మేతకు పోయిన పశువులు చర్చి గంట కొట్టారనుకొని మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చేశాయి. అవ్వ మాత్రం కందిపప్పులో రాళ్లు ఏరుకుంటూనే ఉంది. బావి గట్టు మీద కూర్చొని లోపలికి వాయిస్తే కప్పలు మెచ్చుకున్నాయి, అవ్వ మెచ్చుకోలేదు. చివరికి చేవెళ్ల అంగడి రోజున నన్ను వెంటబెట్టుకొని చిన్నబాపు కుండల వరుసలోకి దిగాడు. కుండను వేలితో కొట్టి చూసి కొనడం లోకంలో ఉన్నదే. మా చిన్నబాపు ప్రతి కుండకూ గిటారు ఆనించి, తల లోపల పెట్టి, కళ్లు మూసుకునేవాడు. కుండలమ్మే అక్క కాసేపు ఓర్చుకుంది.

"ఏమన్నా, కుండకు జొరమొచ్చిందా, నాడి చూస్తున్నవ్?"

"నీళ్లకు గాదక్కా, పాటకు."

"గట్లనా? అయితే పగిలింది కొనుక్కపో. పాట సందులకెల్లి మంచిగ కారుతది."

మేము పగలనిదే తెచ్చాం, నేను లోపల దాక్కొని నిద్రపోగలిగినంత పెద్ద బాన. దానిలో తల పెడితే పాట బ్రహ్మాండంగా వినబడేది. కానీ తల బానలో పెట్టమని అవ్వను అడిగే మొనగాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు.

చేలు పండబారాయి. పంట వచ్చేలోగా గుమ్మిని శుభ్రం చేయడం మా ఇంటి ఆచారం. మా గుమ్మి వెదురుతో అల్లి, లోపలా బయటా ఎర్రమట్టి, పేడ మెత్తి, చెక్కల మీద నిలబెట్టినది; నడింట్లో నిలబడితే పెండ్లికి వచ్చి వెళ్లడం మరచిపోయిన లావుపాటి మేనమామలా ఉండేది. ఇంట్లో చిన్నవాణ్ణి గనుక నన్ను నడుముకు తాడు కట్టి, చీపురుతో సహా లోపలికి దించారు. బయట అవ్వ గుమ్మికి వీపు ఆనించి చెరుగుతూ కూర్చుంది. ఇంకో పక్క చిన్నబాపు, ఇక పొయ్యి తప్పదన్న దిగులుతో, గిటారు కొసను గుమ్మికి తాకించి ఊరికే మీటాడు.

లోపల నాకు సీనాయి కొండ మీద దేవుడు మాట్లాడినట్టయింది. గోడలు పలికాయి, చీపురు వణికింది, నిరుటి దుమ్మంతా లేచి నాతో పాటు కేకపెట్టింది. నన్ను పైకి లాగేసరికి అవ్వ చేతిలో చాట ఆగిపోయి ఉంది. వీపు ఇంకా గట్టిగా గుమ్మికి ఆనించింది.

"ఆడ తప్పు," అంది.

చిన్నబాపు నోరు తెరిచాడు.

"నోరు కాదురా, చెయ్యి ఆడియ్యి. మూడో వరుసల గొంతు కిందికి దిగాలె. నువ్వు మీదికి పోతున్నవ్. నా ఈపుల తెలుస్తున్నది."

తప్పు వాయిస్తున్నావంటే అంతగా ఎగిరి గంతేసిన సంగీతగాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆ రోజు నుంచి పొద్దు గుంకే వేళకు అవ్వ గుమ్మికి ఆనుకునేది, చిన్నబాపు మీటేవాడు, మూడో వరుస రాగానే అవ్వ మోచేత్తో గుమ్మిని ఒక్కటి పొడిచేది. ఆ పోటుకు మొయినాబాద్ తహసీలు కచేరీలో గుమాస్తాల సిరాబుడ్లు ఒలికేవి.

మూడో వరుస లొంగకముందే జొన్నలు వచ్చేశాయి. బండ్లు వాకిట్లో ఆగాయి. కోతపండుగకు చర్చిలో కట్టాల్సిన కంకులు ఒక పక్కకు తీసి, బాపు మిగతా గంపలు గుమ్మిలో పోయడం మొదలుపెట్టాడు. రెండు మూడు గంపలు పడ్డాయో లేదో, పాట గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఆగిపోయింది.

"అన్నా, ఆపే! పాట సస్తున్నది!" అన్నాడు చిన్నబాపు.

"జొన్నలు ఎక్కడ పొయ్యమంటవ్ మల్ల, నీ నెత్తిల పొయ్యాల్నా?" అన్నాడు బాపు. ఆయనదీ న్యాయమే. ఏడాది తిండి అది. నిండిన గుమ్మిని చూడడానికే ఆయన ఏడాదంతా చేనులో వంగాడు.

అన్నదమ్ములు గంపకు చెరో పక్క పట్టుకొని నిలబడ్డారు. అవ్వ వాళ్ల మాటలు వినలేదు గానీ మొహాలు చదివింది. లేచి వచ్చి, గుమ్మిలోకి తొంగిచూసి, మళ్లీ వెళ్లి వీపు ఆనించింది.

"చేటెడు తియ్యి," అంది. బాపు తీశాడు. "వాయించు." చిన్నబాపు మీటాడు. "ఇంక తియ్యి. వాయించు. ఊఁ, ఇప్పుడు బుస్సుమంటున్నది, ఇంత పొయ్యి." అలా పోయిస్తూ, తీయిస్తూ, చివరికి అరచెయ్యి ఎత్తింది. అడుగున కాసిని జొన్నలుంటే బోలు హోరు పోయి తీగ మాట తేటగా వస్తోంది. "గింతనే ఉండనియ్యిరి. కడమవి సంచులల్ల కట్టుర్రి."

"ఎలుకలు పడ్తయే!" అని బాపు మొత్తుకున్నాడు.

"ఎలుకలకు చెవులున్నయి, అవ్వి పాట ఎప్పుడన్న ఇంటయి. నాకు గీ గుమ్మి ఒక్కటే ఉన్నది," అంది అవ్వ.

బాపు తానే సంచుల మూతులు కట్టాడు. ఆ సాయంత్రం, సరిగ్గా తూచినట్టున్న ఆ గుమ్మికి గిటారు ఆనించి చిన్నబాపు పాట మొత్తం ఒక్క తప్పు లేకుండా వాయించాడు. అవ్వ కళ్లు మూసుకొని, ఎన్నేళ్లకో, సన్నగా తానూ కలిసి పాడింది. గిటారు బతికిపోయింది.

ఆ ఏడాదంతా సంచులు మా మంచాలయ్యాయి. జొన్నల మీద పడుకున్న నా వీపు మీద చుక్కల ముగ్గు ఉండేదని బడిలో లెక్కల పంతులు దాన్ని చూపి గుణకారం చెప్పేవాడు. తినే జొన్నలు మాత్రం అమ్మ సంచుల్లోంచే తీసేది, గుమ్మి లెక్క చెడకుండా.

ఇప్పుడు మా ఊళ్లో ఆ ఇల్లు లేదు. జొన్నచేల మీద ద్రాక్షపందిళ్లు వేశారు. గుమ్మి అల్లే మేదరివాళ్లు నగరంలో కుర్చీలు అల్లుకుంటున్నారు. ధాన్యం రేకు డబ్బాల్లో ఉంటోంది, వాటికి వీపు ఆనిస్తే చల్లగా తగులుతుంది, అంతే. విసుర్రాయి పాట మా ఇంట్లో ఎవరికీ మొత్తం రాదు. మా అమ్మాయి పక్కగదిలో తన చిన్నపెట్టె ముందు కూర్చొని ఏదో ఇంగ్లీషు పాట మొదటి ముక్కనే పొద్దుటి నుంచి తిప్పి తిప్పి వాయిస్తోంది.

మాట ఇచ్చాను కాబట్టి పొట్టు ఏదో చెప్పేస్తాను. మీరు అనుమానపడ్డ చేతికర్ర నిజం. పశువులు ఇంటికి రావడం దాదాపు నిజం. వీపుతో వినడం పూర్తిగా నిజం. నేను కల్పించింది ఒక్కటే: చిన్నబాపు ఆ పాటను తప్పు లేకుండా వాయించడం. అది ఎన్నడూ జరగలేదు. ఆ సాయంత్రం కూడా మూడో వరుసలో గొంతు మీదికే పోయింది. అవ్వ మోచేత్తో గుమ్మిని పొడిచి, నీళ్లపొయ్యి వైపు ఒక్కసారి చూసి, వీపు ఇంకాస్త సర్దుకుంది.

"తప్పే," అంది. "వచ్చే జొన్నలకు చూస్త తీ. ఇగ మల్ల వాయించు."

ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి పంటకూ అదే మాట.